వాసన పరీక్ష

మా డేకేర్‌లో పిల్లల గదిలోకి అడుగు పెట్టాలంటే ముందు నాకు చేతులు చాపాలి. నేను చూసేది చేతుల్ని కాదు, వాటి వాసనని. గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. వంటామె రెండు చేతులూ చాపేది, ఆమె వెనక మా అక్క చాపేది. వంగి ముక్కు పెట్టినప్పుడు ఎర్రసబ్బు ఘాటు తగిలితే "ఊఁ, వెళ్ళు" అనేదాన్ని. తగలకపోతే వెనక్కి కుళాయి దగ్గరికి పంపేదాన్ని. నాలుగేళ్ళు ఈ పద్ధతి నడిపాను. అప్పట్లో దాని గురించి వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఎర్రసబ్బు అంటే సీసాలో వచ్చే ద్రవం. నొక్కితే చుక్క పడుతుంది. సీసా మీద క్రిముల్ని చంపుతుందని రాసి ఉంటుంది, ఆ మాట కింద చచ్చి వెల్లకిలా పడ్డ క్రిమి బొమ్మ కూడా ఉంటుంది. నేను పెళ్ళికి ముందు, తర్వాత కలిపి పదేళ్ళు ఒక ఆసుపత్రిలో చీటీలు రాసే గదిలో పనిచేశాను. నాకు వైద్యం తెలియదు, వైద్యం వాసన తెలుసు. ఆ ఘాటు ఎక్కడ తగిలితే అక్కడ శుభ్రం ఉందని నా ముక్కుకు నమ్మకం. కోపం కూడా అక్కడే ఉండేది కాబట్టి నాతో ఎవరూ వాదన పెట్టుకునేవారు కాదు.

అక్క అంటే తోబుట్టువు కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. పై అంతస్తులో వాళ్ళు, మధ్యలో మేము, కింది మూడు గదుల్లో పదకొండు మంది పిల్లలు. డేకేర్ ఆలోచన నాది, గోడల మీద రంగులు నావి, బయట బోర్డు నాది. పిల్లలు మాత్రం అక్క పక్షం. వాళ్ళ అసలు పేర్లు నా పుస్తకంలో ఉండేవి, అక్క పెట్టిన పేర్లు వాళ్ళ ఒంటికి అంటుకుపోయి ఉండేవి. పిచ్చుక, ఉడత, గుండు, రాగం, మొండిఘటం, నిద్రమొహం... ఇలా పదకొండు. పిచ్చుకకు ఏడాదిన్నర. అక్క భుజం మీద తప్ప నిద్రపోయేది కాదు. నేను ఎత్తుకుంటే చెక్కబొమ్మలా బిగుసుకుపోయేది.

నాలుగో ఏట అక్క చేతులు పగిలాయి. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చీలి, డైపరు మార్చిన ప్రతిసారీ ఎర్రసబ్బు తగిలి మంట. "అమ్మాయ్, ఇది నాకు పడట్లేదు, మామూలు సబ్బు వాడుకోనా?" అని అడిగింది. "అంత నాజూకా నీ చేతులు?" అన్నాను, నవ్వుతూనే. అక్క మళ్ళీ అడగలేదు. పెరటి కుళాయి గట్టు మీద, ఒక డబ్బా మూతలో, తెల్లటి మామూలు సబ్బుబిళ్ళ పెట్టుకుంది. అక్కడ కడుక్కుని, నా పరీక్ష కోసం ఎర్రసబ్బు ఒక్క చుక్క అరచేతి వెనక రాసుకుని వచ్చేదట. ఈ సంగతి నాకు తెలిసిన తీరు వేరు.

ఆ నెలలో ఒక ఆదివారం నాకు కడుపులో తిప్పింది. మూడుసార్లు వాంతి, ఆపైన విరేచనాలు. సోమవారానికి కాస్త సర్దుకుంది. ఎర్రసబ్బు ఉంది కదా అనుకుని కిందికి దిగాను. పళ్ళు నేనే కోశాను, పిల్లల గిన్నెల్లో నేనే పెట్టాను. నా చేతుల్ని ఎవరు వాసన చూస్తారు? స్టూలు మీద కూర్చునేది నేనే.

బుధవారం గుండుకు వాంతులు. సాయంత్రానికి ఉడతకు, మొండిఘటానికి. గురువారం పొద్దున్నే పిచ్చుకను ఆసుపత్రిలో చేర్చారని కబురు. ఇంత చిన్న చేతికి సెలైను పెట్టారని.

ఆదివారాన్ని, బుధవారాన్ని కలిపి చూడాలని నాకు తోచలేదంటే అబద్ధం. తోచింది. ఆ భయంలో పెరట్లోకి వెళ్ళినప్పుడు డబ్బా మూతలో ఆ తెల్లబిళ్ళ కనిపించింది. నిజం చెప్పాలంటే, అది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

తొమ్మిదింటికి తల్లిదండ్రులు గుమ్మంలో నిలబడ్డారు. పిచ్చుక వాళ్ళమ్మ కుట్టుపని చేస్తుంది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మరిచిపోయినట్టుంది.

"మీరు శుభ్రంగా చూస్తారని నమ్మి కదా వదిలాం. ఏం జరిగింది ఇక్కడ?" అంది. గొంతు పెంచలేదు.

"అక్కా, ఒకసారి ఇలా రా" అని పిలిచాను.

లోపల ఒక పిల్లకు డైపరు మార్చి, పెరట్లో చేతులు కడుక్కుని తడి తుడుచుకుంటూ వచ్చింది అక్క. కంగారులో పిలిచేసరికి ఎర్రచుక్క రాసుకోవడానికి తీరిక దొరకలేదు.

"చేతులు చాపు."

అందరి ముందూ చాపింది. యాభై రెండేళ్ళ మనిషి, నాకంటే పధ్నాలుగేళ్ళు పెద్దది. నేను వంగి వాసన చూసి తలెత్తాను. "చూశారా? ఏ వాసనా లేదు." పెరట్లోకి వెళ్ళి డబ్బా మూత పట్టుకొచ్చి ఆ బిళ్ళను వాళ్ళకు చూపించాను. దొంగసొత్తు పట్టుకున్నట్టు చూపించాను.

"అది కూడా సబ్బే కదమ్మాయ్. శుభ్రంగానే కడుక్కున్నాను" అంది అక్క.

"మందు లేని సబ్బుతో కడిగితే ఎంత, కడక్కపోతే ఎంత? పిల్లల ప్రాణాలతో ఆడుకున్నావు కదక్కా!"

ఆ మాట నేనే అన్నాను. అక్క మొహం వైపు ఎవరూ చూడలేదు, అందరూ ఆ చేతుల వైపే చూశారు. అక్క వాటిని మెల్లగా చీర కొంగు కింద పెట్టుకుంది. ఒక తండ్రి, "ఇకమీదట ఆవిడ మా పిల్లల్ని ముట్టుకోకుండా చూడండి" అన్నాడు. తప్పకుండా అన్నాను.

ఆ రోజు నుంచి అక్కకు పెరట్లో దుప్పట్లు ఉతికే పని. కిటికీలోంచి ఆమె కనిపించినప్పుడల్లా రాగం చేతులు చాచి ఒకటే ఏడుపు. కిటికీకి తెర వేయించాను.

అయినా రోగం ఆగలేదు. శనివారం ఇంకో ఇద్దరికి తగిలింది. పెరట్లో ఉన్న మనిషి మీద దాన్ని ఎలా నెట్టాలో నాకు తెలియలేదు. సోమవారం ఆరోగ్య శాఖ నుంచి ఒకావిడ వచ్చింది. పొట్టి మనిషి, భుజానికి సంచి, చెప్పులు గుమ్మం బయటే విడిచింది. గదులు చూసింది, వంటిల్లు చూసింది. ఎర్రసబ్బు సీసా ఎత్తి చూసి దించింది. నేను వాసన పరీక్ష గురించి వివరంగా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"సరేనమ్మా, చేతులు ఇటివ్వండి" అని సంచిలోంచి ఒక క్రీము తీసి నా చేతులకు, వంటామె చేతులకు మణికట్టు దాకా రాసింది. "దీన్నే క్రిములనుకోండి. ఇప్పుడు రోజూ ఎలా కడుక్కుంటారో అలాగే కడుక్కుని రండి."

కడుక్కుని వచ్చాను. ఆవిడ తెరలు మూసి ఒక చిన్న దీపం వెలిగించింది, ఊదారంగు వెలుతురు. దాని కింద చేతులు పెట్టాను.

గోళ్ళ చుట్టూ తెల్లగా మెరుస్తోంది. వేళ్ళ సందుల్లో మెరుస్తోంది. ఉంగరం కింద వెలుగుతోంది. బొటనవేళ్ళు రెండూ మొత్తంగా సున్నం పూసినట్టున్నాయి. అరచేతి మధ్యలో మాత్రం రూపాయి బిళ్ళంత చోటు శుభ్రంగా ఉంది. వంటామె చేతులూ ఇంచుమించు అంతే.

"ఎంతసేపు కడిగారు?"

"కడిగాను కదండీ... సబ్బులో మందు ఉంది కదా."

"అదేనమ్మా చిక్కు. మందు ఉంది కదా అని మీరు చేతులు రుద్దడం మానేశారు. వాసన తగిలితే చాలు కాబట్టి ఈవిడ వాసన పూసుకొస్తోంది." వంటామె తల దించుకుంది. "ఇళ్ళల్లో, ఇలాంటి చోట్ల మందు సబ్బు మామూలు సబ్బు కంటే మెరుగని ఎక్కడా తేలలేదు. సబ్బేదైనా నురగ పట్టించి ఇరవై సెకన్లు రుద్ది కడిగితే మురికితో పాటు క్రిములూ పోతాయి. పైగా మీ పిల్లలకు వచ్చింది వైరస్. ఈ సీసాలో మందు బ్యాక్టీరియా కోసం. దానికీ దీనికీ సంబంధం లేదు."

పదేళ్ళు ఆసుపత్రి గాలి పీల్చిన ముక్కు నాది. దాన్ని ఎక్కడ దాచుకోను?

"పిల్లల్ని ముట్టుకునేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరండీ" అన్నాను.

"పెద్దమ్మగారు పెరట్లో ఉన్నారు కదండీ" అంది వంటామె, నా వైపు చూడకుండా.

అక్కను పిలిచారు. ఏమీ అడగకుండా క్రీము రాయించుకుని పెరటి కుళాయికి వెళ్ళింది. మేం వెనకాలే వెళ్ళాం. చేతులు తడిపి, తెల్లబిళ్ళ రుద్ది, కుళాయి కట్టేసింది. తర్వాత ఒక్కో వేలూ పట్టుకుని మొదలు నుంచి చివరి దాకా తిప్పుతూ నెమ్మదిగా ఏదో గొణుగుతోంది. దగ్గరికి వెళ్తే వినపడింది.

"గుండు... ఉడత... రాగం... మొండిఘటం... నిద్రమొహం..."

వేలికో పిల్ల. పది వేళ్ళకు పదిమంది. పదకొండోది పిచ్చుక. దాని పేరు చెప్పి రెండు మణికట్లూ రుద్దింది. అప్పుడు కుళాయి తిప్పి కడిగింది. పిల్లల్ని ముట్టుకోవద్దని నేను తరిమేసిన ఆ నాలుగు రోజులూ దుప్పట్లు ఉతికి ఇలాగే కడుక్కుంటోందని అర్థమైంది.

దీపం కింద అక్క చేతుల్లో ఏమీ మెరవలేదు. కణుపుల దగ్గర మానుతున్న పగుళ్ళు మాత్రం కనిపించాయి.

"ఇలా కడుక్కోవాలి" అంది ఆవిడ. తర్వాత పుస్తకం తెరిచి, "పిల్లల కంటే ముందు పెద్దవాళ్ళలో ఎవరికైనా వచ్చిందా?" అని అడిగింది.

అక్కకు నా ఆదివారం సంగతి తెలుసు. నాకు గంజి కాచి పై నుంచి తెచ్చింది ఆమే. నోరు విప్పలేదు. నా వైపు కూడా చూడలేదు, తువ్వాలు మడత పెట్టుకుంటూ నిలబడింది. అంతకంటే అరిచి చెప్పినా బాగుండేది.

"నాకు" అన్నాను. "ఆదివారం. సోమవారం పనిలోకి వచ్చాను."

ఆవిడ రాసుకుంది. ఎవరి నుంచి ఎవరికి అంటిందో తను తేల్చి చెప్పలేనని, వాంతులు తగ్గాక కనీసం రెండు రోజులు పిల్లల దరిదాపులకు రాకూడదని, మరో రెండు రోజులు డేకేర్ మూసి గదులన్నీ కడగమని చెప్పింది. వెళ్తూ వెళ్తూ అక్క భుజం తట్టింది.

మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళాను. అక్క దుప్పట్లు ఆరేస్తోంది. ఒక కొస నేను పట్టుకున్నాను.

"అక్కా, తప్పయిపోయింది" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం అమ్మాయ్? నేను కడుక్కున్నానని నాకు ముందే తెలుసు" అంది. "ఎవరి ముందు అన్నావో వాళ్ళకి చెప్పు."

"మళ్ళీ పిల్లల దగ్గరికి వస్తావా?"

"వస్తాను. కానీ ఆ గుమ్మంలో చేతులు చాపను." నా చేతిలోని కొస తీసుకుని తనే తీగ మీద వేసుకుంది.

గురువారం పొద్దున్న మళ్ళీ తెరిచాం. తొమ్మిదింటికి తల్లిదండ్రులందరూ వచ్చేదాకా తలుపు తీయకుండా బయటే నిలబడ్డాను. పిచ్చుక వాళ్ళమ్మ పిల్లను చంకన వేసుకుని వచ్చింది. పిల్ల మెడ సన్నబడింది, కళ్ళు పెద్దవయ్యాయి. చేతి మీద సూది గుచ్చిన చోట దూది అంటించి ఉంది.

చెప్పాను. ముందు రాసుకున్న కాగితం చూసి చెప్పబోయాను, అందులో "పొరపాటు" అని రెండుసార్లు రాసుకున్నాను. కాగితం మడిచేసి చెప్పాను. నాకు ఆదివారం జబ్బు చేసిందని, సోమవారం వచ్చానని, పళ్ళు కోశానని. మా అక్క చేతుల్లో ఏ తప్పూ లేదని. సబ్బు సంగతి కూడా చెప్పాను.

"అంటే, ఆ రోజు ఆవిడ్ని నిలబెట్టి వాసన చూసినప్పుడు మీకు తెలుసా?" అని అడిగింది పిచ్చుక వాళ్ళమ్మ.

"అనుమానం ఉంది" అన్నాను.

ఆమె పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది. ఇద్దరు తండ్రులు మొహాలు చూసుకుని పిల్లల్ని తీసుకుని వెనక్కి వెళ్ళిపోయారు. వాళ్ళను పిలిచే మొహం నాకు లేదు.

అక్క మెట్లు దిగి వచ్చింది. పిచ్చుక రెండు చేతులూ చాచి దూకబోయింది. "ఉండమ్మా, చేతులు కడుక్కుని వస్తాను" అని పెరట్లోకి వెళ్ళింది. వెనక నేనూ వెళ్ళాను. ఆ తెల్లబిళ్ళే తీసుకుని అక్క కళ్ళ ముందే కడుక్కున్నాను. నాకు పిల్లల పేర్లు ఆ వరసలో రావు. ఏడు దగ్గర ఆగిపోయి అంకెలు లెక్కపెట్టాను.

తిరిగి వచ్చేసరికి గుమ్మం దగ్గర స్టూలు అలాగే ఉంది. అక్క దాన్ని పక్కకు జరిపి, పిచ్చుకను ఎత్తుకుని నిలబడింది. పిల్ల అప్పటికే ఆమె మెడలో మొహం దాచుకుంది. నేను లోపలికి వెళ్ళలేదు. అందరూ చూస్తుండగా అక్క ముందు రెండు చేతులూ చాపాను.

అక్క వాసన చూడలేదు. కాసేపు నా వేళ్ళ వైపు చూసింది.

"బొటనవేళ్ళు వదిలేశావు" అంది.

అంతమంది మధ్యలోంచి వెనక్కి తిరిగి కుళాయి దగ్గరికి నడిచాను.