దక్షిణామూర్తి ఉత్తరానికి తిరిగిన సంగతి

ఆయనకు దక్షిణామూర్తి అని పేరు పెట్టింది తల్లిదండ్రులు కారు, తోటి మెకానిక్కులు. మేడల మీద సోలార్ హీటర్లు బిగించడం ఆయన పని. భూమికి ఉత్తరార్ధంలో ఉన్న ఊళ్ళో ఏళ్ళ తరబడి పనిచేసి, బిగించిన ప్రతి హీటరునూ దక్షిణం వైపే తిప్పి పెట్టాడు. అక్కడ ఎండ ఎక్కువగా ఆ వైపు నుంచే వస్తుంది కనుక అది సరైన పనే. నేర్పింది స్వయానా మామగారు.

"హీటరు పలకని దక్షిణానికి చూపించు అల్లుడూ" అని ఆయన నొక్కి చెప్పాడు. కూతుర్నిచ్చి పెళ్ళి చేసేటప్పుడు కూడా అంత గట్టిగా ఏమీ చెప్పలేదు.

కూతురు నర్సు. భూమధ్యరేఖకు బాగా దిగువన, దక్షిణార్ధంలో ఒక ఊరి ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం దొరికింది. మొగుడూ పెళ్ళాలు డిసెంబరులో అక్కడ దిగారు. స్వెట్టరు మీద కోటు వేసుకొచ్చిన దక్షిణామూర్తి వీధిలోకి అడుగు పెట్టగానే చెమటతో నిలువునా తడిసిపోయాడు.

"డిసెంబరులో ఇదేం ఎండే?"

"ఇక్కడ వేసవి ఇప్పుడేనండీ. విమానంలో చెప్పాను, మీరు గురక పెడుతున్నారు."

"వేసవైతే వేసవి. దిక్కులు మారవు కదా" అన్నాడాయన.

దిక్కులు మారలేదు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

వాళ్ళు అద్దెకు దిగిన ఇంటి ఓనరమ్మ రిటైరైన బస్సు డ్రైవరు. కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. ఆమెదే మొదటి హీటరు. దక్షిణామూర్తి జేబులోంచి దిక్సూచి తీసి, మేడ మీద అటూ ఇటూ నడిచి, కచ్చితంగా దక్షిణం చూసేలా స్టాండు నిలబెట్టి బోల్టులు బిగించాడు.

"చలికాలానికి పనికొస్తుంది, కరెంటు కాయిలు కూడా పెట్టించమంటావా బాబూ?" అని ఆవిడ అడిగింది.

"సూర్యుడుండగా కరెంటెందుకమ్మా, దండగ."

నీళ్ళు సలసల కాగాయి. డిసెంబరు అయనాంతం రోజులవి. మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలబడతాడు, పలకను ఎటు తిప్పినా ఎంతో కొంత ఎండ తగులుతుంది. ఓనరమ్మ వీధంతా చెప్పింది. ఇంకా నాలుగిళ్ళవాళ్ళు పిలిచి హీటర్లు పెట్టించుకున్నారు. నాలుగూ దక్షిణానికే.

మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే నాటికి నీళ్ళు గోరువెచ్చన అయ్యాయి. దక్షిణామూర్తి పలక అద్దం తుడిచాడు. ఏప్రిల్లో పైపులకు గుడ్డలు చుట్టాడు. మేలో ట్యాంకు విప్పి కడిగాడు. జూన్ వచ్చేసరికి కుళాయి తిప్పితే మంచు కరిగినట్టు నీళ్ళు. ఆయన ఆ నీళ్ళతోనే స్నానం చేసి, వణుకుతూనే బాగున్నాయన్నాడు. నిండా మునిగాక చలేమిటన్నవాడు ఈ ఊరు రాలేదు.

మామగారు ప్రతి ఆదివారం ఫోను చేసేవాడు.

"ఇక్కడ ఎండకి రోళ్ళు పగులుతున్నాయి అల్లుడూ."

"ఇక్కడ పళ్ళు టకటకలాడుతున్నాయి మామయ్యా. నీళ్ళు కాగట్లేదు."

"దక్షిణానికే పెట్టావా?"

"వెంట్రుకవాసి తేడా లేదు."

"అయితే నీళ్ళలోనే ఏదో ఉంది" అని మామగారు తేల్చాడు.

జూన్ అయనాంతం నాడు, అంటే అక్కడ ఏడాదిలోకెల్లా పగలు పొట్టిగా ఉండే రోజున, భార్య బట్టలారేయడానికి మేడెక్కింది. కాసేపటికి పైనుంచి కేకేసింది.

"ఏమండీ, ఒకసారి రండి."

హీటరు వెనక, స్టాండు కాళ్ళ మధ్య, ఎవరిదో పిల్లి వెల్లకిలా పడుకుని పొట్టకు ఎండ కాచుకుంటోంది. ఇవతలి వైపు పలక అద్దం మీద పొద్దుటి మంచు మధ్యాహ్నమైనా ఆరలేదు.

"పిల్లెక్కడుంది?" అంది భార్య.

"ఎండలో."

"మీ హీటరు?"

దక్షిణామూర్తి సూర్యుణ్ణి చూశాడు. సూర్యుడు ఉత్తరాన, ఎదురింటి కప్పుకు జానెడు పైన ఉన్నాడు. ఆయన దిక్సూచి తీసి చూశాడు. అదీ అదే చెప్పింది. అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. ఒక్కసారిగా ఆ నాలుగిళ్ళూ కళ్ళ ముందు తిరిగాయి. భార్య నవ్వలేదు. ఆరేయబోతున్న తువ్వాలు ఆయన చేతికిచ్చి, ముఖం తుడుచుకోమంది.

ఆయన తిన్నగా కిందికెళ్ళి ఓనరమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, తప్పు నాదే. హీటరు వీపు ఎండకి పెట్టి బిగించాను. ఇన్నాళ్ళూ చన్నీళ్ళే పోసుకున్నారా?"

"లేదు బాబూ, రోజూ మా చెల్లెలింటికెళ్ళి పోసుకొస్తున్నా."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదమ్మా!"

"చలికాలంలో అవి పనిచెయ్యవేమో అనుకున్నాను."

"పెట్టేదే చలికాలం కోసమమ్మా" అన్నాడు దక్షిణామూర్తి.

ట్యాంకు ఖాళీ చేసి, బోల్టులు ఊడదీశాక స్టాండు మోయడానికి రెండో మనిషి కావలసి వచ్చింది. ఓనరమ్మ చీర కొంగు దోపుకుని ఒక కొస పట్టుకుంది. "రివర్సు చెయ్యడం నాకలవాటేలే, నువ్వు చెయ్యి నలగకుండా చూసుకో" అంది.

మర్నాటి నుంచి ఆయన తలవంచుకుని మిగతా నాలుగిళ్ళకూ వెళ్ళాడు. ఇద్దరు తిట్టారు. ఒకాయన కాఫీ ఇచ్చి తిట్టాడు. నాలుగో ఇంటాయన మాత్రం "మాకేం ఇబ్బంది లేదే!" అని ఆశ్చర్యపోయాడు. ఆయన చలి మొదలైనప్పటి నుంచి స్నానం మానేశాడట.

ఆదివారం ఫోను మోగింది. దక్షిణామూర్తి ఎత్తగానే చెప్పేశాడు.

"ఉత్తరం పెట్టాను మామయ్యా."

"ఫోనుండగా ఉత్తరమెందుకయ్యా?"

"అది కాదు. హీటరు. ఉత్తరానికి పెట్టాను."

మామగారు ఒక్కటే అడిగాడు.

"నీళ్ళు?"

"పొగలు కక్కుతున్నాయి."

"అంటే నేను నేర్పింది తప్పా?"

"మీరున్న చోట ఒప్పే మామయ్యా. భూమి ఒక పక్కకి ఒరిగి తిరుగుతుంది. మీ సగం సూర్యుడి వైపు ఒరిగితే మా సగం అవతలికి ఒరుగుతుంది. మీకు ఎండాకాలమైతే మాకు చలి."

"అయితే నేనిక్కడ ఎండ కాచుకుంటుంటే నా కూతురు అక్కడ వణుకుతోందన్నమాట."

"అంతే మరి."

"డిసెంబరు దాకా ఓర్చుకోమను. అప్పుడా చలి నేను తీసుకుంటాను" అన్నాడు మామగారు.

దక్షిణామూర్తి ఆ మాట భార్యకు చెప్పాడు. ఆమె తడిజుట్టు విదిలించుకుంటూ ఫోనందుకుంది.

"నాన్నా, తీసుకుందువుగాని. ముందు ఎండలో తిరక్కుండా ఇంట్లో కూర్చో" అంది.