ఆఖరి రీడింగు

పలకమ్మ నాలుగో మంచం దగ్గర పలకను గుడ్డతో తుడిచి, రోగి ఛాతీకి ఆనించి, తెర వైపు చూసింది. ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి. గుండె, కాలేయం, మూత్రపిండాలు. అన్నీ కులాసాగానే ఉన్నాయి, బద్ధకం మానేసి నాలుగడుగులు వేయమని ఆ పెద్దాయన్ని కసిరి ఐదో మంచానికి కదిలింది.

ఇరవై రెండేళ్లుగా ఇదే పని. రోగుల ఒంట్లోకి సూదితో ఎక్కించే యాంటెన్నాలు దుమ్ము రేణువు కన్నా చిన్నవి. తీగల్లేవు, చప్పుడు లేదు. గుండె దగ్గరది వెలుగుతో పిలుస్తుంది, మిగతావి వెలుగుతోనే బదులిస్తాయి. ఆ కబుర్లు పట్టుకునేది పలక. దాన్ని మోసే మనిషి కనక ఆమె పలకమ్మ. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

వాటికి బలం ఒంటి వెచ్చదనమే. అందుకని ఊపిరి ఆగిపోయాక కూడా కాసేపు మాట్లాడుకుంటూనే ఉంటాయి. తెర చీకటయ్యేదాకా శవాన్ని ఇంటివాళ్లకు అప్పగించకూడదు. ఆ ఆఖరి రీడింగూ పలకమ్మదే. అప్పుడెవరూ ముట్టుకోకూడదు, చేతి వేడి తగిలితే ఆరిన చుక్క మళ్లీ వెలుగుతుంది. ఎంతమంది తల్లుల చేతులు తీయించిందో ఆమెకే లెక్క లేదు. అది ప్రాణం కాదమ్మా, సామాను అనేది. రాతిగుండె అని పేరు పడింది. పడితే పడనీ, ఎవరో ఒకరు చెప్పాలిగా!

తొమ్మిదో మంచం మీద ఆమె మొగుడు. దర్జీ. నెల రోజులుగా అక్కడే ఉన్నాడు.

"ఊళ్లోవాళ్ల కాలేయాలన్నీ చదువుతావు. నా మనసులో ఏముందో ఏనాడైనా చదివావా?" అన్నాడు పొద్దున, చెవి మిషను సర్దుకుంటూ.

"ఏముంటాయి లెండి, కాజాలూ గుండీలూ."

ఇద్దరూ నవ్వుకున్నారు. మిగతా మంచాలు ముగించుకుని వచ్చేసరికి అతను గోడ వైపు తిరిగి, ప్రాణం పోయి ఉన్నాడు. ఎవరినీ పిలవలేదు.

వేరే మనిషిని పంపుతానంది డాక్టరమ్మ. పలకమ్మ ఒప్పుకోలేదు. మరిది బయట వ్యాను దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఆమె పరదా లాగి, పలక ఆనించింది. కాలేయం ఆరింది. మూత్రపిండాలు ఆరాయి. గుండె చుక్క ఒక్కటే పిలిచి పిలిచి, బదులిచ్చేవాళ్లు లేక, అదీ ఆరింది.

టైము రాయాలి. రాస్తే తీసుకెళ్లిపోతారు. ఆమె కలం కింద పెట్టి, అరచెయ్యి అతని ఛాతీ మీద ఆనించింది. చుక్క వెలిగింది. తీస్తే ఆరింది. మళ్లీ పెట్టింది. ఈసారి పిలుపుకి బదులుగా పక్కన ఇంకో చుక్క వెలిగింది. ఆ చోట అతని ఒంట్లో యాంటెన్నా లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, పలకలు సరిచూసుకోవడానికి తన మణికట్టులోకి ఎక్కించినది అది. ఎవరి ఒళ్లు ఎవరిదో వాటికేం తెలుసు? అతని గుండె పిలుస్తోంది, ఆమె చెయ్యి బదులిస్తోంది. భయం వేసింది. అయినా చెయ్యి తీయబుద్ధి కాలేదు. ఇలాగే కూర్చుంటే అతను చల్లబడడు కదా అనే పిచ్చి ఆశ పుట్టి, రెండో చెయ్యి కూడా పెట్టింది.

గంట దాటాక మరిది పరదా తొలగించాడు. తెర మీద చుక్కలు చూసి అలాగే నిలబడిపోయాడు.

"వదినా, అన్నయ్య బతికే ఉన్నాడా?"

అతని మొహంలో ఆ వెలుగు ఆమె చూడలేకపోయింది. ఎన్నో మొహాల్లో చూసినదే.

"లేడయ్యా," అంది. "అది నేను."

చేతులు తీసింది. తెర చీకటైంది. టైము రాసి సంతకం పెట్టింది.

అతన్ని తీసుకెళ్లారు. మంచం పక్కన అలమరలో, గాజుగ్లాసు అడుగున, ఆపడం ఎవరికీ తోచని అతని చెవి మిషను సన్నగా ఈల వేస్తూనే ఉంది.