బయటి మనిషి

లాయరమ్మ వచ్చేలోగా అత్తగారి గోళ్లు తీయడం అయిపోవాలని ఆమె వేడినీళ్ల గిన్నె మంచం దగ్గరికి లాక్కుంది. పక్షవాతం వచ్చిన చేతి గోళ్లు నానబెడితే గానీ తెగవు. "వేలిముద్ర వేసే చెయ్యి, శుభ్రంగా ఉండాలి కదమ్మా" అన్నాడు భర్త, గుమ్మంలో నిలబడి ఫోన్ చూసుకుంటూ. మాట తల్లితోనే అన్నాడు, పని మాత్రం భార్యది.

విల్లు సిద్ధమైంది. ఇల్లు కొడుక్కీ కూతురికీ చెరి సగం. ముసలావిడ బ్యాంకు పనులూ వైద్యమూ చూసే అధికారం, వేరే కాగితంలో, కొడుక్కి. కోడలిని ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె ఆశపడనూ లేదు. ఆమె ప్రాణమంతా కళ్లజోళ్ల దుకాణం మీద ఉంది. ఒకప్పుడు అక్కడ అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. అత్తగారు మంచాన పడగానే "కొన్నాళ్లేగా" అని మాన్పించారు. ఆ కొన్నాళ్లు ఏడేళ్లయ్యాయి. నిన్న దుకాణం యజమాని ఫోన్ చేసి, మళ్లీ వస్తావేమో రేపు సాయంత్రంలోగా చెప్పమ్మా, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను అన్నాడు. ఆమె ఇంట్లో ఇంకా నోరెత్తలేదు.

ఎత్తితే ఏం వినాలో ఆమెకు కంఠతా వచ్చు. పగటిపూట ఒక మనిషిని పెట్టుకుందామా అని అడిగినప్పుడల్లా భర్తది ఒకటే మాట: "ఇంటి మనిషివి నువ్వుండగా బయటి మనిషి ఎందుకు?" మొదటిసారి విన్నప్పుడు మురిసిపోయింది కూడా, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఇంటి మనిషి కాబట్టి తడిసిన దుప్పట్లు ఆమెవే. ఒళ్లు పుండు పడకుండా పెద్దావిడను ఆ పక్కకీ ఈ పక్కకీ తిప్పడం, మింగలేని మాత్రను నూరి ఇవ్వడం, ఉమ్మేస్తే మళ్లీ నూరడం ఆమె పనే. తనకు జ్వరమొచ్చినా సెలవు లేదు, సెలవు అనేది ఉద్యోగస్తులకు కదా. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆడపడుచు "అమ్మ చిక్కిపోయింది వదినా, సరిగ్గా తినిపిస్తున్నావా?" అని అడిగి పోతుంది. ఇంటి మనిషి కాబట్టి దానికీ ఏమీ అనుకోకూడదు.

లాయరమ్మ వచ్చి కాగితాలు చదివి వినిపించింది. ముసలావిడ ప్రతి దానికీ తల ఊపింది. ఒంట్లో సగం చచ్చుబడినా బుర్ర పాదరసమే. సాక్షులు ఇద్దరు కావాలి. పక్కింటి డ్రాయింగు మాస్టారు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. రెండో సాక్షిగా వస్తానన్న భర్త స్నేహితుడు మాత్రం చివరి నిమిషంలో చెయ్యిచ్చాడు.

"ఎవరో ఒకరిని పిలవండి. కానీ విల్లులో ఏమీ రాని మనిషి అయుండాలి, బయటి మనిషి" అంది లాయరమ్మ.

విల్లు కోసమని పొద్దున్నే వచ్చిన ఆడపడుచు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వదిన ఉందిగా. బయటి నుంచి వచ్చిన పిల్లే కదా."

"అవును, తనకేం రాదు" అన్నాడు భర్త, తేలిగ్గా. "ఇలా రా, ఓ సంతకం పెట్టు."

ఆమె చేతిలోని గోళ్ల కత్తెర ఆగింది. కోపం రాలేదు. సరైన అద్దం కుదిరాక బోర్డు మీద అక్షరాలు విడివిడిగా కనిపించినట్టు ఏడేళ్లూ కనిపించాయి.

"కుదరదండీ" అంది లాయరమ్మ. "భర్తకి వాటా ఉంటే భార్య సాక్షిగా పనికిరాదు. చట్టానికి మీరిద్దరూ ఒకటే."

మాస్టారు కిసుక్కున నవ్వి, ఎవరూ నవ్వకపోవడంతో దగ్గాడు.

"చట్టానికి తెలియదు లెండి. వీళ్లు చెప్పిందే నిజం, నేను బయటి మనిషినే" అంది ఆమె. "సోమవారం నుంచి కళ్లజోళ్ల దుకాణంలో పనికి వెళ్తున్నాను. పగలు అత్తయ్యని చూడడానికి మనిషిని పెట్టాలి. ఆ జీతం అత్తయ్య డబ్బులోంచే ఇవ్వాలని, అధికారం ఇచ్చారే, ఆ కాగితంలో రాయండి."

"ఇదేంటి, అందరి ముందూ? నాతో మాట మాత్రమైనా అన్నావా?" అన్నాడు భర్త.

"ఇప్పుడు అన్నానుగా."

"అమ్మ ఒప్పుకుంటుందా అసలు? పరాయివాళ్ల చెయ్యి పడనిస్తుందా?"

లాయరమ్మ మంచం వైపు తిరిగింది. "కాగితం మీదమ్మా. రాసేది మీ ఇష్టం. ఏమంటారు?"

ముసలావిడ బాగున్న చేతి వేళ్లను తువ్వాలు మీద కదిపింది. వంకర తిరిగిన నోటితో ఒక్కొక్క మాటా కూడబలుక్కుంది.

"రాయండి. జీతం కాస్త ఎక్కువే రాయండి. నాకు చాకిరీ చెయ్యడం ఆషామాషీ కాదు."

అంటే తెలుసన్నమాట. ఇన్నేళ్లూ తెలుసు.

ఆమె గోళ్ల కత్తెరను భర్త చేతిలో పెట్టింది. "బొటనవేలు మిగిలింది" అని చెప్పి, దుకాణానికి ఫోన్ చేయడానికి బయటికి నడిచింది.