చీటీకి సిఫారసు

ఆ మైకు నోటికి అంత దగ్గరగా పెట్టుకోకుండా ఉండాల్సింది, ప్రతి మాట చివరా గాలి బుస్సుమంటోంది, మూడేళ్ళుగా ఈ గోడ మీది టీవీలో రోజుకి నలభైసార్లు తన గొంతు మోగుతున్నా ఇంతిసార్‌కి ఆ బుస ఇవాళే వినపడింది, ఎప్పుడూ ఫైళ్ళు చంకన పెట్టుకుని ఈ బల్లల మధ్య నుంచి గబగబా నడిచిపోయే హెడ్ నర్సే తప్ప, రోగుల బల్ల మీద, తమ్ముడి పక్కన, ముప్పై ఒకటో నంబరు చీటీ పట్టుకుని ఇలా కూర్చున్నదెప్పుడు, టీవీలో ఆమె చెబుతూనే ఉంది, అమ్మల్లారా, అయ్యల్లారా, మందు పరీక్ష అంటే మీ మీద ప్రయోగం చేసి పారేయడం కాదు, కొత్త మందు పనిచేస్తుందో లేదో తెలియాలంటే సగం మందికి మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తి బిళ్ళ ఇచ్చి పోల్చి చూడాలి, ఎవరికి ఏది వెళ్ళాలో యంత్రం చీటీలు వేసి తేలుస్తుంది, డాక్టరుకీ తెలియదు, మీకూ తెలియదు, మంత్రిగారి బావమరిది వచ్చినా యంత్రం ఆయన పేరడగదు, అక్కడ హాలంతా నవ్వుతుంది, ఇవాళా నవ్వింది, ఆ బావమరిదిని పెట్టింది తనే, ప్రొఫెసరు గారు రాసిచ్చిన కాగితంలో ఒక్కో మాట బండరాయంత ఉంటే వాటన్నిటినీ కొట్టి పిండి చేసి, పొలం నుంచి నేరుగా వచ్చిన ముసలమ్మకి కూడా అర్థమయ్యేలా చెప్పింది తనే, బావమరిది వద్దు మిస్ ఇంతిసార్, ఇది యూనివర్సిటీ, అని గొణిగిన ఆ ప్రొఫెసరే జనం నవ్వుతున్నారని తెలిశాక ఆ మాట తనే అన్నట్టు కైరోలో సభల్లో చెప్పుకున్నాడు, చెప్పుకోనీ, పక్కన షిహాతా కూడా నవ్వాడు, నీరు పట్టిన పొట్ట కదిలి నొప్పి పుట్టింది కాబోలు, పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు, మోచేత్తో ఆమెని పొడిచి, బావమరిది పేరు అడగదట, అక్క పేరు మాత్రం అడుగుతుంది కదూ, అన్నాడు మెల్లగా.

నోరు ముయ్యరా, ఎవరైనా వింటారు, అంది, అంటూ ఎటో చూసింది, వాడి కళ్ళు పచ్చగా ఉన్నాయి, పొద్దున ఏడున్నరకి చూసింది ఆ జాబితా, పరీక్ష ముగిసింది కనుక ఏడాదిన్నరగా మూసిపెట్టిన పేర్లు తెరిచారు, నూట ఎనభై మంది, అరవై ఏడో వరసలో షిహాతా అబ్దుల్ మౌలా, ఎదురుగా ఉత్తి బిళ్ళ అని, పక్క వరస చూస్తున్నానేమోనని కార్డు అడ్డం పెట్టి మళ్ళీ చూసింది, అదే వరస, ఇంకాసేపట్లో లోపల ఆ చిన్న డాక్టరమ్మ ఇదే మాట వాడికి చెబుతుంది, వాడేమో నేను ముఖం ఎలా పెడతానో చూడు అక్కా అంటున్నాడు, కనుబొమలు పైకెత్తాడు, నోరు తెరిచాడు, నాకా, అసలు మందు నాకే పడిందా డాక్టరమ్మా, నా జన్మలో దేనికీ చీటీ తగల్లేదు, ఎలా ఉంది, ఎక్కువైందా, పోనీ కొంచెం తగ్గిస్తాను, నీ పేరు ఎత్తితే ఒట్టు, ఇంకో మూడేళ్ళలో రిటైరయ్యేదానివి, నీ ఉద్యోగానికి నేను ముప్పు తెస్తానా, అన్నాడు, తెలుసుకోవాలని ఉంటేనే చెబుతార్రా, వద్దంటే చెప్పరు, వద్దని చెప్పెయ్, పోతుంది, అంది ఆమె, నీకేం తెలుసు, వద్దంటే ముందే తెలిసినవాడి లెక్కలోకి వస్తాను, ముప్పై ఏళ్ళు సర్వీసు బండి నడిపాను, చెకింగువాళ్ళ ముందు ఎలా నిలబడాలో నర్సువి నువ్వు నాకు నేర్పుతావా, అన్నాడు, అని మళ్ళీ కనుబొమలు ఎత్తి సాధన చేస్తున్నాడు, ఎదురు బల్ల మీది ముసలాయన తనని పలకరిస్తున్నాడనుకుని తలూపాడు.

సాధన, పాపం, వాడికి అంత నమ్మకం, ఎందుకుండదు, హనియ్యా వంటింట్లో మొలోఖియా ఆకు తరుగుతూ తరుగుతూ కత్తి ఆపి, వదినా, ఆ చీటీ సంగతి కాస్త చూడు, నువ్వు తలుచుకుంటే కాని పనా, అన్నరోజున చెప్పి ఉండాల్సింది, టీవీలో చెప్పినట్టే చెప్పి ఉంటే సరిపోయేది, అది ఎవరివల్లా కాదమ్మా అని, కానీ వంటింట్లో ఆ మాట నోటికి రాలేదు, తమ్ముడి పెళ్ళాం ముందు నా వల్ల కాదనడం ఇరవై ఎనిమిదేళ్ళ నౌకరీని చెత్తబుట్టలో వేసినట్టనిపించింది, నాకు వదిలెయ్, అంది, ఆ ఒక్క మాటకే హనియ్యా ఆమె చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది, బాగుంది, ఆ ముద్దు ఎంత బాగుందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది, మర్నాడు నెయ్యి పొరల ఫెతీర్ రొట్టెలు పళ్ళెం నిండా చేసుకుని మందుల గది డాక్టర్ వగ్దీ దగ్గరకి వెళ్ళింది, అరవై ఏడో నంబరు మా తమ్ముడండీ, ఇంటికి పెద్ద దిక్కు, అంది, వగ్దీ తలెత్తి చూసి, పళ్ళెం అందుకుని, మంచే జరుగుతుంది లెండి మిస్ ఇంతిసార్, అంటూ గదిలో ఉన్న నలుగురినీ పిలిచి తలా ముక్క పంచాడు, మంచే జరుగుతుంది, ఈ దేశంలో శవం లేచే ఇంట్లోనూ అనే మాట, ఎవరూ ఎవరినీ ముఖం మీద కాదనలేక అనే మాట, ఆ మాట ఎన్నివేల మందికి తనే అనలేదు, అయినా తనతో అంటే మాటిచ్చినట్టే తీసుకుంది, గోడ అవతల తన గొంతు యంత్రం ఎవరినీ అడగదని చెబుతూనే ఉంది, ఇవతల తను ఖాళీ పళ్ళెం చంకన పెట్టుకుని పని అయిపోయిందనుకుంటూ నడిచి వచ్చింది, చిన్నప్పుడు బడికి బిలహార్జియా పురుగుల జబ్బుకి సూదులేసేవాళ్ళు వచ్చినప్పుడూ ఇంతే, ఒకే సూది మరిగించి వరస మొత్తానికీ గుచ్చుతున్నారు, ఎందుకో ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పలేదు ఆ రోజుల్లో, ఎనిమిదేళ్ళ షిహాతా బెంచీ కింద దూరితే కాలు పట్టి లాగి, ఆ నర్సమ్మకి నేను చెప్పానులే, నీకు మెల్లగా గుచ్చుతుంది, అంది, వాడు చొక్కా చెయ్యి మడుచుకుని మహారాజులా వెళ్ళాడు, ఆ సూదుల వరసల్లోంచే ఎంతోమంది కాలేయాల్లోకి హెపటైటిస్ వైరస్ పాకింది, వాడి కాలేయంలోకీ అలాగే పాకి ఉంటుందని ఇప్పుడు డాక్టర్లంటారు, నలభై ఏళ్ళ తర్వాత మంచి మందు వచ్చి వైరస్ పోయింది, గట్టిపడ్డ కాలేయం మాత్రం మెత్తబడలేదు, దాన్ని మెత్తబరచే మందుకే ఈ పరీక్ష.

అది కూడా పోనీ, ఉత్తి బిళ్ళ మింగితే మనిషి చావడు, కిందటేడు ఫిబ్రవరి సంగతి చెప్పు, ఆ వంకరపళ్ళ సర్జను బల్ల మీద వేలుతో కొడుతూ, మీ అబ్బాయి రక్తం కలిసింది, వాడి కాలేయంలో ముక్క తీసి మీకు పెడతాం, ఇద్దరివీ మళ్ళీ పెరుగుతాయి, ఈ ఆరు నెలల్లో అయితే అవుతుంది, తర్వాత నేను మాటివ్వలేను, అన్నాడు, యుస్రీ అప్పటికే చొక్కా విప్పడానికి సిద్ధం, ఇరవై రెండేళ్ళవాడు, పెళ్ళి కుదిరినవాడు, షిహాతా కుర్చీలోంచి లేచిపోయాడు, నా కొడుకుని కోసుకుని బతకాల్సిన ఖర్మ నాకు పట్టలేదు, నాకు అసలు మందు పడుతోంది, మా అక్క చూసుకుంది, అన్నాడు, అని ఆమె వైపు తిరిగి ఏమంటావు అక్కా అన్నాడు, హనియ్యా చూసింది, యుస్రీ చూశాడు, టీవీలో ఆడది రోజుకి నలభైసార్లు అంటుంది, మీకు ఇష్టం లేనప్పుడు, ఇంతకంటే మంచి దారి దొరికినప్పుడు, ఏ రోజైనా పరీక్ష మానేసి వెళ్ళిపోవచ్చు, ఎవరూ కోపగించుకోరు, మీ వైద్యానికి ఏ లోటూ రాదు, సర్జను గదిలో కూర్చున్న ఆడది మాత్రం, సగంలో మానేస్తే ఎలాగరా, మందు పని చేసేదాకా ఆగు, అంది, ప్రొఫెసరు గారి ముందు తలవంపులని కొంత, యుస్రీ లేత పొట్ట మీద కత్తి పడకూడదని కొంత, అంతకంటే ఎక్కువగా వగ్దీ మాట మీద నమ్మకం కొద్దీ, అవును, నమ్మింది, అందరికీ అబద్ధమని చెప్పే దాన్ని తను నమ్మింది, అక్టోబరు స్కానులో కాలేయంలో బాగా పెరిగిన క్యాన్సరు గడ్డ కనిపించింది, ఇప్పుడు కోయడానికి లేదన్నాడు సర్జను, ఆయన బల్ల మీద వేలుతో కొట్టడం కూడా మానేశాడు.

జాబితాతో పాటు ఇంకో కాగితం కూడా చూసింది కదా, రేపు తను మైకు ముందు చదవాల్సిన కాగితం, పరీక్షలో పాల్గొన్న మీ అందరికీ కృతజ్ఞతలు, ఈ మందు ఉత్తి బిళ్ళ కంటే మెరుగ్గా పనిచేయలేదని తేలింది, అంతే, మందు తిన్నవాళ్ళూ తిననివాళ్ళూ ఒక్కలాగే ఉన్నారు, అది చదివినప్పుడు ప్రాణం లేచొచ్చినట్టయింది, అయితే వాడికేం నష్టం లేదన్నమాట, సిఫారసు నడిచినా ఇంతే, నడవకపోయినా ఇంతే, మెట్లు దిగేదాకా ఆ సంతోషం ఉంది, కింది మెట్టు మీద యుస్రీ చొక్కా గుర్తొచ్చి పోయింది, తమ్ముడికి నష్టం బిళ్ళ వల్ల రాలేదు, బిళ్ళ పాపం ఏం చేసింది, తన మాట వల్ల వచ్చింది, అయినా పొద్దుటి నుంచి కడుపులో మండుతున్నది ఎవరి మీద, వగ్దీ మీద, ఇందాక వరండాలో ఎదురై సలాం చెప్పాడు, ముఖం తిప్పుకుంది, ఎంత నీతిమంతుడివయ్యా, ఫెతీర్ నమిలావు కదా, ఒక్క డబ్బా మార్చడానికి నీ చేతులు పడిపోయాయా, అనుకుంది, ఆయన చేయగలిగింది కూడా ఏమీ లేదు, డబ్బాల మీద అంకెలే తప్ప ఆయనకీ ఏమీ తెలియదు, తెలిసి మార్చినా ఆ ఉత్తి బిళ్ళ ఇంకొకడికి వెళ్ళేది, ఈ ఎదురు బల్ల ముసలాయనకే వెళ్ళేదేమో, ఆయనకి వెళ్తే తనకి ఫరవాలేదా, ఫరవాలేదనే కదా పళ్ళెం నిండా చేసుకెళ్ళింది.

ఇరవై తొమ్మిది, అని పిలిచారు, షిహాతా తలపాగా సర్దుకుంటూ, అక్కా, ఆ మందు పడబట్టే ఇంతకాలం లాగాను, లేకపోతే ఎప్పుడో పోయేవాణ్ణి, అన్నాడు, కృతజ్ఞతగా అన్నాడు, అది ఆమె భరించలేకపోయింది, షిహాతా, నీకు పడింది ఉత్తి బిళ్ళేరా, పొద్దున జాబితాలో చూశాను, అంది, అంత పొట్టిగా చెప్పొచ్చని తనకే తెలియదు, వగ్దీ మోసం చేశాడా, అన్నాడు వాడు, అవును అంటే చాలు, నోరు తెరవక్కర్లేదు, తలూపితే చాలు, ఇద్దరూ మోసపోయినవాళ్ళవుతారు, ఇంటికి వెళ్ళి హనియ్యాతో కలిసి వగ్దీని తిట్టుకోవచ్చు, మెడ కాస్త వంగింది కూడా, లేదురా, అలా చేయించడం ఎవరివల్లా కాదు, నాకు తెలుసు, తెలిసే నాకు వదిలెయ్ అన్నాను, అంది, ముప్పై, అని పిలిచారు, వాడు వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నట్టు కదిపాడు, మరి అప్పుడు యుస్రీది పెట్టించుకుని ఉంటే, అన్నాడు, ప్రొఫెసరు గారి కాగితంలో దీనికి చాలా మాటలున్నాయి, అవకాశం, శాతం, చెప్పలేం, ఇన్నేళ్ళూ వాటినే కొట్టి పిండి చేసింది, చాలావరకు బతికేవాడివిరా, అంది, యుస్రీకి చెప్పకు, వాడు ఇవ్వలేకపోయానని కుమిలిపోతాడు, అన్నాడు, ముప్పై ఒకటి అని పిలవగానే లేచాడు, ఆమె కూడా లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు, నువ్వుండు, నేను వెళ్తాను, అని పొట్ట ఒక చేత్తో పట్టుకుని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు, తలుపు మూసుకుంది, వాడు అక్క లేకుండా ఈ ఆసుపత్రిలో ఒక గదిలోకి వెళ్ళడం ఇదే మొదలు, ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఎన్ని ఊళ్ళ నుంచి వచ్చారు ఈ బల్లల మీదికి, పలకరించే నర్సు లేనివాళ్ళు, ఫెతీర్ పళ్ళెం పట్టుకెళ్ళే దిక్కు లేనివాళ్ళు, వాళ్ళకి ఇవ్వడానికి ఇంకేమీ లేదు కనుక నిజం ఇచ్చింది, విడమరిచి, నవ్వించి, ముసలమ్మకి కూడా అర్థమయ్యేలా, వాళ్ళలో ఎంతమంది అది విని, ఆలోచించుకుని, మానేసి, ఇంకో దారి వెతుక్కుని వెళ్ళారో, తనవాడికి మాత్రం అంతకంటే మంచిదేదో ఇవ్వాలనుకుంది, అంతకంటే మంచిది లేదు, ఎవరూ లేకుండా ఒంటరిగా వచ్చి ఆ మూల కూర్చునే ముసలమ్మకి దొరికినంత కూడా షిహాతాకి దొరకలేదు, అక్క ఉండబట్టి.