మచ్చ లేని ఫిల్టరు

కూతురి ఎక్స్‌రే రిపోర్టు సాయంత్రం నాలుగింటికి ఇస్తామన్నారు. అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేక పొగబాబాయి ఫ్యాక్టరీ మేడెక్కి ఫిల్టర్ల పెట్టె తెరిచాడు. ఆ సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో అతని పని అదే. కింద లోహం కరిగించి బోర్డు భాగాలు అతికించే సోల్డరింగ్ బల్లల మీద లేచే పొగను గొట్టాలు పైకి లాగితే, దాన్ని వడగట్టి చిమ్నీలోంచి మంచి గాలిగా వదలాలి. అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు.

ఫిల్టరు ఉతికి ఆరేసిన చొక్కాలా ఉంది. ఇదివరకైతే వారం తిరక్కుండానే జిగురు పట్టి గోధుమరంగుకు తిరిగేది. కొత్త ఫ్యాను బిగించి మూడు వారాలైనా ఒక్క మచ్చ లేదు. చిమ్నీలో పొగ కొలిచే మీటరు రీడింగు చూసి మేనేజరు భుజం తట్టాక బాబాయి కాళ్లు నేల మీద ఆనడం మానేశాయి.

ఆ బల్లల దగ్గరే పనిచేసే కూతురికి దగ్గు మొదలైందీ మూడు వారాల కిందటే. ఈ లెక్క అతనికి ఇప్పుడు తట్టింది. పొగ పైకి రావడం లేదంటే ఎక్కడికి పోతున్నట్టు? మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

పన్నెండు బల్లలు. పన్నెండు గొట్టాల మూతులకూ అట్టముక్కలు, చుట్టూ టేపు. కూతురి అట్ట మీద పువ్వు బొమ్మ కూడా ఉంది. మీటరు తప్ప మనుషుల్ని చూడని మహానుభావుడికి ఇన్నాళ్లూ ఇది కనబడితేనా!

"ఎవరిదమ్మా ఈ ఘనకార్యం?"

"నాదే నాన్నా," అంది కూతురు దగ్గుతూ. "నీ ఫ్యాను ఒకటే లాగుడు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి, సోల్డరింగ్ ఐరన్ చల్లారిపోయి సోల్డర్ అతకట్లేదు. నేను అట్ట పెడితే, చూసి అందరూ పెట్టుకున్నారు."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"ఇంటికొస్తే చాలు, ఫ్యాను గొప్పలే కదా! ఇక ఎలా చెప్పను?"

బాబాయి అట్టలన్నీ తనే పీకాడు. పొగ గొట్టంలోకి వంగేలా, వేళ్లకు చలి తగలకుండా ఫ్యాను వేగం తగ్గిస్తూ వచ్చాడు. ప్రతి బల్ల దగ్గరా ఆగి, "ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగాడు. అలా అడగడం అదే మొదలు.

నాలుగింటికి ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. పొగకు గొంతు రేగింది, అంతే. పొగకి దూరంగా ఉంటే తగ్గిపోతుంది."

బాబాయి అక్కడే బావురుమన్నాడు.

"బాగుందంటే ఏడుస్తావేంటి నాన్నా, నలుగురూ చూస్తున్నారు!" అని కూతురు కసిరి, తనూ కళ్లు తుడుచుకుంది.

వారం తర్వాత మేనేజరు పైకొచ్చాడు. రీడింగు కాస్త పెరిగినా హద్దు దాటలేదు. ఫిల్టరు మాత్రం జిగురు కారుతూ కంపు కొడుతోంది.

"ఇదేంటి బాబాయ్, ఇంత మురికి?" అన్నాడు ముక్కు మూసుకుని.

"అవునండీ," అన్నాడు బాబాయి, ఆ మురికిని కళ్లారా చూసుకుంటూ. "మొత్తం ఇక్కడికే వచ్చేసిందండీ."