తాతయ్య చెప్పిన ఎరుపు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. గని పని మానేసి పాతికేళ్ళయినా గని కబుర్లు మానని తాతయ్య, ఆయన్ని ఆటపట్టించడమే పనిగా పెట్టుకున్న మామయ్య, రాళ్ళకు విలువ కట్టడానికి వచ్చిన పెద్దమనిషి, తలుపు చాటున మనవరాలు. కొత్తవాళ్ళు కనిపిస్తే ముడుచుకుపోతుందని ఆ పిల్లకు మామయ్య నత్త అని పేరు పెట్టాడు.

తాతయ్య రేకు డబ్బా తెరిచి, చెక్కకు మైనంతో అతికించి ఉన్న రాయిని బల్ల మీద పెట్టాడు.

"దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటుంది, చూడండి. పని మానేసిన రోజు గనివాళ్ళే ఇచ్చారు. అందులో వెండి ఉంది."

"అది బొగ్గులా ఉంది నాన్నా. కళ్ళకి శుక్లాలొచ్చాక నీకన్నీ దానిమ్మ గింజలే," అన్నాడు మామయ్య.

పెద్దమనిషి భూతద్దంలోంచి చూసి, చేత్తో బరువు చూసి, పెదవి విరిచాడు.

"సీసం ఖనిజంలా ఉందండీ. ఇలాంటివి నా దగ్గరికి బోలెడొస్తాయి. మొహమాటానికి కూడా విలువ కట్టలేను."

తాతయ్య రాయిని వేళ్ళతో తడుముతూ కూర్చున్నాడు. నవ్వబోయిన మామయ్య ఆయన మొహం చూసి ఆగిపోయాడు.

తాతయ్య మాట నిజమని ఆ ఇంట్లో తెలిసింది తలుపు చాటున ఉన్న పిల్లకొక్కదానికే. అది చెబితే తన బండారం కూడా బయటపడుతుంది.

"ఎర్రగానే ఉండేది," అంది, తలుపుతో చెబుతున్నట్టు.

"నత్తకి నోరొచ్చింది," అన్నాడు మామయ్య.

"మధ్యాహ్నం తాతయ్య పడుకున్నాక రోజూ తీసి కిటికీలో పెట్టేదాన్ని. ఎండలో భలే మెరిసేది. పోనుపోను నల్లబడిపోయింది. అడుగున మాత్రం ఎండ తగల్లేదు."

పెద్దమనిషి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చాకు మొనతో మైనం ఊడదీసి రాయిని తిరగేశాడు. అడుగున ముదురు ఎరుపు. పింగాణీ కప్పు అడుగున నునుపు లేని అంచు మీద దాన్ని మెల్లగా గీశాడు. ఎర్రటి గీత పడింది.

"ప్రౌస్టైట్," అన్నాడు. "వెండి, ఆర్సెనిక్, గంధకం కలిసిన స్ఫటికం. చాలా అరుదు. వెలుతురు దీనికి గిట్టదు. పైభాగం కూడా ఇలాగే ఉంటే సేకరించేవాళ్ళు ఎగబడేవాళ్ళు. ఇప్పుడు సగం ధర కూడా రాదు."

పిల్ల తల దించుకుంది.

"పోతే పోయింది," అన్నాడు తాతయ్య. "ఎరుపని ఒప్పుకున్నారా లేదా? ఒరేయ్, విన్నావా?"

"విన్నాను నాన్నా. ఇక ఏడాదంతా వింటూనే ఉంటాను."

మిగతా పరీక్షకు సామాన్ల గది కిటికీకి దుప్పటి కట్టారు. పిల్ల కూడా వెనకాలే వెళ్ళింది. తాతయ్య గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వెక్కడికొస్తే అక్కడికి ఎండని వెంటబెట్టుకొస్తావు తల్లీ. నువ్వూ, నీ ఎండా ఇద్దరూ బయటే ఉండండి," అని తలుపు వేసేశాడు.