తడిగుడ్డ

ప్రేమదాసు తాడును ఇంజను చక్రానికి చుట్టి, ఎడమకాలు గడ్డికోసే మిషను అంచుకు ఆనించి, ఒక్క ఊపున వెనక్కి లాగాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. తాడు ఊడి చేతిలోకి వచ్చింది. పాతరకం కదా, లాగిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచీ చుట్టుకోవాలి. ఇంకోసారి లాగాడు. మళ్ళీ దగ్గే. ఈసారి చుట్టబోతూ ఆగి భుజం నొక్కుకున్నాడు. లాగేది కుడిచేత్తో, నొప్పి ఎడమభుజంలో. వారంగా ఇదేమిటో అతనికి అంతుపట్టడం లేదు. భయమేమీ వేయలేదు. ఇంజనులో చప్పుడు ఒకచోట వినిపించి, లోపం మరోచోట దొరికినప్పుడు కలిగే ఆసక్తి లాంటిదేదో కలిగింది, అంతే.

తర్వాతి లాగుకు ఇంజను అందుకుంది. నీలిపొగ గెస్ట్‌హౌస్ కిటికీల దాకా పాకింది.

జగ్గయ్యపేట దాటి ఏటివైపు పోయే దారిలో ఉన్న సిమెంటు ఫ్యాక్టరీకి ఆ గెస్ట్‌హౌస్ ముందరి పచ్చిక ఒక్కటే అలంకారం. దాని మీద కూడా తెల్లవారేసరికి బూడిదరంగు పొర పరుచుకుని ఉండేది. ప్రేమదాసు మనిషి పొట్టి, సన్నం. మిషను నెట్టీ నెట్టీ భుజాలు ముందుకు వంగిపోయాయి. అతని కనుబొమలు నెరిశాయో, దుమ్ము పట్టాయో స్నానం చేస్తే తప్ప తెలిసేది కాదు. దుమ్ము లోపలికి పోకుండా ఇంజను గాలి పీల్చే గుండ్రటి మూతికి రోజూ తడిగుడ్డ కట్టేవాడు. గుడ్డ కడితే గాలి తగ్గుతుంది. అందుకు తగ్గట్టు కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోలు సరిపెట్టేవాడు. ఆ తిప్పడం ఎంతో అతని వేళ్ళకే తెలుసు. ఫ్యాక్టరీలో ఇంకెవరు లాగినా ఆ మిషను పలకదు.

సాయంత్రానికి గుడ్డలోని తడీ, గాలిలోని సిమెంటూ కలిసి గట్టిపడి, ఊడదీస్తే గుడ్డ గిన్నెలా నిలబడేది. ప్రేమదాసు భార్య రత్నమణి వాటిని గుడ్డ మూకుళ్ళు అనేది. ఒకదాంట్లో కోడిగుడ్లు పెట్టుకునేది, ఒకదాంట్లో పిన్నీసులు వేసుకునేది. తన తెల్లచీరలు పాతబడితే ముక్కలు చింపి ఇచ్చేదీ ఆమే.

పచ్చిక సగం కోసేసరికి ఇంజను ఆగిపోయింది. ఇక లేవదని ప్రేమదాసుకు తెలుసు. అందుకే కొత్తది కొనడానికి ఆ రోజు నందిగామ ప్రయాణం. మిషనును షెడ్డులోకి తోసి, గుడ్డ విప్పకుండానే ఇంటికి నడిచాడు.

రత్నమణి అన్నం పెడుతూ అంది, "ఏమయ్యా, పాతరకందే కొనమని చెప్పు సారుకి."

"ఆ కొత్తదాంట్లో వాల్వులు నెత్తిమీదుంటయ్యంట."

"నెత్తిమీదుంటే ఏంది, కాళ్ళకిందుంటే ఏంది? వచ్చే ఏడు నీకు రిటైరు. ఆ మిషను నీ ఒక్కడి మాటే వింటదని గదా సారు ఆ తర్వాత గూడా ఉండమంది? ఎవడు లాగినా లేచేదైతే మనతో ఏం పని వాళ్ళకి? ఈ క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోతాం?"

"చూసొస్తాలేవే."

"చూసే రా. మనసు పారేసుకుని మాత్రం రాబాకు."

చొక్కా జేబులో ఒక గుడ్డముక్క పెట్టుకుని జీపెక్కాడు. ఎందుకు పెట్టుకున్నాడో అప్పుడు ఆలోచించలేదు.

ముందుసీట్లో ఎస్టేట్ ఆఫీసరు పార్థసారథి. నెమ్మదస్తుడు, తోటలంటే ఇష్టం ఉన్నవాడు. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కాక పత్తిలారీల వెనక జీపు మెల్లగా పోతుంటే వెనక్కి తిరిగి, "నడిపేది నువ్వు. నీకేది నచ్చితే అదే. మన దుమ్ముకు తట్టుకుంటే చాలు" అన్నాడు. ప్రేమదాసు తలూపాడు. తన మెడమీద కత్తి తన చేతికే ఇచ్చినట్టుంది. అయినా నందిగామ దగ్గరపడేకొద్దీ లోపల తొందర పెరుగుతోంది, తిరునాళ్ళకు పోతున్నట్టు. ఆ తొందర ఎవరిదా అని తనను తానే వింతగా చూసుకున్నాడు.

భవానీప్రసాద్ దుకాణంలో మోటార్లు, స్ప్రేయర్లు, వాటి నడుమ రెండు గడ్డిమిషన్లు.

"రండి సార్. ఇది మీ పాతదానికి తోడబుట్టింది. ఇదేమో కొత్త కోడలు. గొంతు చిన్నది, తిండి తక్కువ" అన్నాడు భవానీప్రసాద్. కొత్త ఇంజను పైకప్పు ఊడదీసి చూపించాడు. "పాతదాంట్లో వాల్వులు పిస్టన్‌కి పక్కన నిలబడతయ్. గాలి మలుపు తిరిగి రావాల. దీంట్లో నడినెత్తిన ఉన్నయ్. గాలి తిన్నగా దిగుద్ది. వేడి తక్కువ, పెట్రోలు తక్కువ."

"మరి వాటిని తోసే కామ్ అడుగునే గదండీ ఉండేది? పైకెట్టా అందుద్ది?" అన్నాడు ప్రేమదాసు.

"ఆ సన్నపుల్లలు చూడు బాబాయ్. అవి ఇటు లేపితే, తక్కెడ కాడలాగా అటు దిగుద్ది."

ప్రేమదాసు చక్రాన్ని వేలితో తిప్పాడు. పుల్ల లేచింది. కాడ వంగింది. వాల్వు దిగి, మళ్ళీ లేచింది. ఇంకోసారి తిప్పాడు. ఇన్నేళ్ళూ ఇంజను లోపల ఏదో కొట్టుకుంటుందనే అనుకున్నాడు. ఇక్కడ తలూపుతోంది, అవునవునని.

"ఆడపిల్లకి సంబంధం చూడ్డానికొచ్చినట్టు చూస్తున్నాడండీ మీ వాడు" అని భవానీప్రసాద్ నవ్వాడు.

"స్క్రూ ఏదండీ?"

"ఏ స్క్రూ?"

"పెట్రోలు సరిపెట్టేది."

"దీనికి లేదు. కంపెనీలోనే కొలిచి బిగిచ్చేశారు. ఇక మన చేతులతో పని లేదు."

ప్రేమదాసు తన చేతుల వైపు చూసుకున్నాడు. భవానీప్రసాద్ కప్పు బిగించి, రెండు మిషన్లనూ దుకాణం వెనక గరికలోకి దింపించి, ఫోను మోగితే లోపలికి వెళ్ళాడు.

ప్రేమదాసు కుళాయి కింద గుడ్డ తడిపి, పిండి, ముందు పాతరకం మూతికి కట్టాడు. స్క్రూ కాస్త తిప్పి లాగాడు. లేచింది. దాన్ని ఆపి, అదే గుడ్డను కొత్తదాని గాలిరంధ్రాల మీద బిగించాడు. లాగి వదిలితే దీని తాడు దానంతట అదే లోపలికి పోయింది. ఇంకోసారి లాగితే నల్లగా పొగ కక్కి, వణికి, ఆగింది. మళ్ళీ లాగినా అంతే.

"మన దుమ్ముకు కట్టే గుడ్డకే ఇట్లా అయితే ఎట్లా?" అన్నాడు పార్థసారథి. "వద్దులే. పాతరకమే ఖాయం చేద్దాం. నీ చేతికీ అలవాటైందే."

ప్రేమదాసు ఏమీ అనకపోతే చాలు. క్వార్టరు ఉంటుంది, పొయ్యి ఉంటుంది, మూకుట్లో గుడ్లుంటాయి. ఈ ఇంజను గాలిని వడగట్టేది లోపలి కాగితం మడతలే అని కప్పు తీసినప్పుడే చూశాడు. పైన తడిగుడ్డ బిగిస్తే ఊపిరాడదని, సరిపెట్టే స్క్రూ కూడా లేదని కట్టేటప్పుడు తనకు తెలుసా? చేతికి తెలియదు. చెయ్యి రోజూ కట్టేదే కట్టింది. మరి జేబులో గుడ్డ పెట్టుకున్నవాడికి? ఆ లోపలివాణ్ణి ప్రేమదాసు తొంగి చూడబోయాడు, దొరకలేదు. దొరికింది ఒక్కటే: ఆ కప్పు కింద కాడలు ఇప్పుడు కదలకుండా ఉన్నాయి. అవి పరుగందుకుంటే ఎలా ఉంటుందో వినకుండా ఇంటికి పోవడం అతనివల్ల కాదు.

"అయ్యగారూ, ఒక్కసారాగండి. తప్పు మిషనుది కాదు. గుడ్డ కట్టి నేనే దానికి ఊపిరాడనీలా."

ముడి విప్పాడు. కాసేపు ఎండలో ఆరనిచ్చి లాగాడు. ఒక్క లాగుకే లేచింది. పొగ లేదు. అరుపు లేదు. కుట్టుమిషను దూరాన్నుంచి వినిపించినట్టుంది.

"దుమ్ము సంగతేంటి మరి?"

"లోపల కాగితం ఉందండీ. తీసి దులుపుకోవడమే. ఎవరైనా దులపొచ్చు."

ఎవరైనా అన్న మాట తన నోటినుంచే రావడం ప్రేమదాసు విన్నాడు. పార్థసారథి కూడా విన్నట్టున్నాడు. అతని వైపోసారి చూసి దుకాణంలోకి నడిచాడు.

సాయంత్రం గెస్ట్‌హౌస్ ముందు, పొద్దున సగంలో ఆగిన చోటినుంచే కొత్త మిషనుతో మొదలుపెట్టాడు. రెండు సాళ్ళు పోయాక నిలబడిపోయాడు. ఇంజను చప్పుడు కింద ఇంకో చప్పుడు, సన్నగా, పసివాళ్ళు పంటితో చెరుకు చీల్చినట్టు. అది గడ్డి తెగే చప్పుడు. ఇన్నేళ్ళూ కోసింది తనే, విన్నది మాత్రం ఇవాళే. మళ్ళీ వినడానికి కోసిన చోటే ఇంకోసారి నెట్టాడు.

క్వార్టరులో బియ్యం ఏరుతున్న రత్నమణికి ఆ చప్పుడు వినగానే ఏ రకం కొన్నారో తెలిసిపోయింది. చాట పక్కన పెట్టి, దారిపొడుగునా తిట్లు పోగుచేసుకుంటూ వచ్చింది. ఆమె వచ్చేసరికి మిషను ఆగి ఉంది. ప్రేమదాసు మెట్లకు చేరబడి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కుడి అరచెయ్యి ఇంజను కప్పు మీద, సరిగ్గా వాల్వులు ఉండేచోట ఆనించి ఉంది.

"పారేసుకునే వచ్చావా మనసు?"

దగ్గరికి వచ్చి భుజం కదిపింది. తల ఒక పక్కకు వాలింది. ఆ చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. అరచేతిలో ఇంజను వెచ్చదనం ఇంకా ఉంది. అది మనిషిదేనేమోనని చాలాసేపు పట్టుకునే కూర్చుంది.

నెల తిరక్కముందే ఆమె వత్సవాయిలో చెల్లెలింటికి వెళ్ళిపోయింది. పెట్టె సర్దుకున్న రోజున, పాత ఇనుము కొనేవాడు షెడ్డులోంచి పాత మిషనును బయటికి లాగాడు. ఇంజను మూతికి ఉన్నదాన్ని తట్టి ఊడగొట్టి, ఇనుము కాదని గెస్ట్‌హౌస్ గోడమీద పెట్టిపోయాడు. తెల్లచీర ముక్క. గిన్నెలా గుండ్రంగా, రాయిలా గట్టిగా ఉంది. ముడి దగ్గర రెండు కొసలూ, వేళ్ళు ఇప్పుడే బిగించి వదిలినట్టు, పైకి లేచి ఉన్నాయి.